ఉందనీ కాదు, లేదనీ కాదు

ఆఫీసులో అందరూ ఆవిడని చాటుగా తాళాలావిడ అనేవారు. ఎదురుపడితే మాత్రం మేడమ్. ప్రజారోగ్య శాఖ భవనానికి వెనకవైపు, పక్క సందులోకి తెరుచుకునే తలుపు ఒకటుంది. దానికి బోర్డు లేదు. అది సుఖవ్యాధుల క్లినిక్. ఆ జబ్బులకి ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆ తలుపులోంచి సుఖంగా బయటికి వచ్చినవాళ్ళని ఎవరూ చూడలేదు. క్లినిక్‌ని ఆనుకుని ఉన్న గదిలో గోడ పొడుగునా ఇనప సొరుగులు, వాటి నిండా నలభై ఏళ్ళుగా వచ్చిన రోగుల కార్డులు. కంప్యూటర్లు వచ్చాక కూడా ఆ కార్డులు అక్కడే ఉన్నాయి. వాటి తాళాలు ఇరవై రెండేళ్ళుగా ఆవిడ దగ్గర ఉన్నాయి.

పేరు చెబితే చాలు, పది లెక్కపెట్టేలోగా కార్డు తీసి చేతిలో పెట్టేది. ఒకసారి కొత్త గుమాస్తా ఎవరో ఒక కార్డుని తీసి వేరే సొరుగులో పెట్టేశాడు. ఆవిడకి అన్నం సహించలేదు. ఆదివారం పూట వాచ్‌మన్‌తో తలుపు తీయించుకుని, నాలుగు వేల కార్డులు తిరగేసి, దాన్ని దాని చోట పెట్టాకే ఇంటికి వెళ్ళింది. భర్త పోయి పదిహేనేళ్ళు. పిల్లలు లేరు. అందగత్తెననో, ఆస్తిపరురాలిననో గర్వపడే వీలు ఎప్పుడూ లేదు. ఇరవై రెండేళ్ళలో ఒక్క కార్డు పోలేదు, ఒక్క పేరు పెదవి దాటలేదు. ఆవిడకి ఉన్న గర్వమంతా అదే, మనిషన్నాక ఆపాటి గర్వమైనా ఉండాలి కదా.

కాకపోతే ఆ పని చేసేవాళ్ళు వీధిలో ఎవరినీ ముందుగా పలకరించకూడదు. పలకరిస్తే పక్కనున్నవాడు "ఈవిడ నీకెలా తెలుసు?" అంటాడు. క్లినిక్‌కి వచ్చినవాళ్ళు ఆవిడని చూసి తల తిప్పుకునేవారు, అది న్యాయమే. ఎన్నడూ రానివాళ్ళు ఇంకా గట్టిగా తిప్పుకునేవారు, వచ్చారని ఎవరైనా అనుకుంటారేమోనని. ఆఖరికి సొంత తమ్ముడి భార్య కూడా ఒకరోజు నసుగుతూ "వదినా, ఏమీ అనుకోకండి, మా ఇంటికొచ్చేటప్పుడు ఆ ఆఫీసు కార్డు మెళ్ళోంచి తీసేసి రండి. మా పక్కింటివాళ్ళ సంగతి మీకు తెలీదు" అంది. ఆవిడ ఏమీ అనుకోలేదు. మరి ఆ ఇంటికి వెళ్ళలేదు, అంతే.

మిగిలింది కింద అంతస్తులో ఉండే దర్జీ అమ్మాయి. జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చేయడం, కర్టెన్లు కుట్టడం ఆమె పని. ముప్పై దాటి ఉంటాయి. మొగుడితో విడిపోయి తొమ్మిదేళ్ళ కూతురితో ఉంటోంది. నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ ఎక్కడ పనిచేస్తుందో తెలిసిన మొదటి రోజునే పగలబడి నవ్వి, "అయితే ఊరందరి గుట్టూ నీ దగ్గరే ఉందన్నమాట! నాకేం భయం అక్కా, నాకు గుట్టు దాచుకునే తీరికే లేదు" అంది. మూడేళ్ళుగా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చి, మెట్లెక్కకుండా నేరుగా ఆ దుకాణంలో స్టూలు మీద కూర్చునేది. పాత కుట్లు విప్పిపెట్టడం ఆవిడ వంతు. పాప హోంవర్కు చేసుకుంటూ మధ్యమధ్య "పెద్దమ్మా, పన్నెండు తొమ్మిదులు?" అని అడిగేది. ఆ గంటన్నర కోసమే ఆవిడ ఆ రోజంతా గడిపేది. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఆవిడకి ఉన్న ఇల్లు అదే.

ఒక సోమవారం పొద్దున కోర్టు సమన్లు వచ్చాయి. అలాంటివి ఆవిడకి కొత్త కాదు. విడాకుల కేసనో, ఉద్యోగం తీసేశారనో, ఎవరో ఒకరు ఇంకొకరి జబ్బు కూపీ లాగడానికి కోర్టు ద్వారా ఆ ఆఫీసుని అడుగుతూనే ఉంటారు. కవరు చింపి చదివింది. దర్జీ అమ్మాయి పూర్తి పేరు, పుట్టిన తేదీ. పిల్ల కోసం మొగుడు కేసు వేశాడు. భార్య నడవడిక మంచిది కాదనీ, ఈ క్లినిక్‌లో వైద్యం చేయించుకుందనీ, పిల్లని తనకి అప్పగించాలనీ. ఆమె పేరిట ఉన్న రికార్డులన్నీ పట్టుకుని ఫలానా తేదీన హాజరు కావాలని రాసి ఉంది.

ఆవిడ లేచి సొరుగు దగ్గరికి వెళ్ళింది. తాళం చేతిలోంచి రెండుసార్లు జారింది. ఒకసారి చూసింది, రెండోసారి చూసింది, పుట్టింటి పేరుతో చూసింది, కంప్యూటర్లో చూసింది. కార్డు లేదు. ప్రాణం లేచివచ్చినట్టయింది. ఎవరూ లేని ఆ గదిలో ఆవిడ పైకే నవ్వేసింది. వెంటనే కూర్చుని టైపు చేసింది: "మీరు అడిగిన వ్యక్తి పేరిట మా వద్ద ఎటువంటి రికార్డూ లేదు." ముద్ర కూడా వేసింది.

కోర్టు కాగితాలన్నీ పంపేముందు తనకి చూపించాలని పది రోజుల క్రితం చేరిన లాయరమ్మాయి ఒక కాగితం తిప్పింది. ఆఫీసుకి కొత్తగా వచ్చిన న్యాయ సలహాదారు ఆమె. వయసు ఇరవై ఎనిమిదో తొమ్మిదో, కళ్ళజోడు, తినేది చదువుతూనే తినే రకం. ఆవిడ ఉత్తరం తీసుకెళ్ళి ఇస్తే చదివి, పక్కన పెట్టి, "అమ్మా, రికార్డు ఉన్నవాళ్ళకి ఏమని రాస్తారు?" అని అడిగింది.

"చట్టరీత్యా ఇవ్వలేం అని. ఎంత గట్టిగా రాస్తానో పాత కాపీలు చూడండి."

"చూశాను," అంది లాయరమ్మాయి. బీరువాలోంచి ఒక లావుపాటి ఫైలు తీసి, ఇరవై రెండేళ్ళ ఉత్తరాల కాపీలు బల్ల మీద రెండు దొంతరలుగా పేర్చింది. "ఈ దొంతరలో యాభై ఎనిమిది ఉన్నాయి. అన్నీ 'లేదు' అని రాసినవి. ఇందులో ఇరవై ఒకటి, 'ఇవ్వలేం' అని రాసినవి. ఇప్పుడు చెప్పండి, ఎవరెవరికి జబ్బు ఉంది?"

ఆవిడ రెండో దొంతర వంక చూసింది. అందులో అన్నీ పేర్లే. ఆవిడ పెదవి దాటనివ్వని పేర్లు.

"లేనప్పుడు లేదని మీరు మంచికే రాశారు, పాపం వాళ్ళ మీద మచ్చ పడకూడదని. దాంతో ఇవ్వలేం అన్నప్పుడల్లా ఉందని చెప్పినట్టయింది. పైగా లేదన్న ఉత్తరం అదే రోజు పోస్టయింది. ఇవ్వలేం అన్నది వారానికి వెళ్ళింది. ఈ ఊళ్ళో తెలివైన లాయరుకి కవరు చింపే పని కూడా లేదమ్మా, తేదీ చూస్తే చాలు."

ఆవిడకి తొమ్మిదేళ్ళ కిందటి వంటమనిషి ఒకాయన గుర్తొచ్చాడు. క్యాంటీన్ యజమాని పనిలోంచి తీసేస్తే కేసు వేశాడు. యజమాని లాయరు సమన్లు పంపితే ఆవిడ ఇవ్వలేమని రాసి, ఆ సాయంత్రం ఛాతీ విరుచుకుని ఇంటికి వెళ్ళింది. కేసు పోయాక ఆ వంటమనిషి కిటికీ దగ్గరికి వచ్చి "ఎవరికీ చెప్పనన్నారు కదమ్మా" అన్నాడు. "మేం చెప్పలేదు బాబూ" అంది ఆవిడ. ఆయన గట్టిగా మాట్లాడలేదు, తిట్టలేదు. వెళ్ళిపోయాడు. మనిషికి విశ్వాసం లేదనుకుంది ఆవిడ అప్పుడు. ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వీధిలో పలకరించడానికి కూడా భయపడిన మనిషి, ఇరవై ఒక్కమంది గుట్టు ముద్ర వేసి మరీ పోస్టు చేసింది.

"ఇకనుంచి అందరికీ ఒకటే జవాబు," అంది లాయరమ్మాయి మెల్లగా. "రికార్డు ఉందని గాని లేదని గాని చెప్పడానికి చట్టం ఒప్పుకోదు అని. అందరికీ ఐదో రోజునే వెళ్ళాలి."

"అలాగే. వచ్చే నెల నుంచి మొదలుపెడదాం. ఈ ఒక్కటి పోనివ్వండి."

"ఇప్పుడు జవాబు రాయాల్సిన సమన్లు నాలుగున్నాయి. నలుగురికీ లేదని రాయగలరా?"

మిగతా ముగ్గురి సంగతి ఆవిడకి తెలుసు. అది మీకు అనవసరం.

"ఆమే సంతకం పెట్టి, చెప్పమని అడిగితే?"

"అప్పుడు సంతకం పెట్టనివాళ్ళకి జబ్బు ఉందనేగా జడ్జి అనుకుంటాడు?" కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ లాయరమ్మాయి అంది, "సంతకం మీది అమ్మా. నేను సలహా ఇస్తాను గాని మీ చెయ్యి పట్టుకోలేను. లేదనే పంపుతానంటే పంపండి. ఆవిడ మీకు తెలిసినవారా?"

"లేదు," అంది ఆవిడ. అలవాటుగా వచ్చేసిన మాట అది.

నాలుగు రోజులు లేదన్న ఉత్తరం, లాయరమ్మాయి చెప్పినట్టు టైపు చేసిన కొత్త ఉత్తరం, రెండూ ఆవిడ సొరుగులోనే ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ సాయంత్రం తలనొప్పి అని చెప్పి నేరుగా మెట్లెక్కేసింది. ఐదో రోజు పొద్దున "లేదు" అన్న ఉత్తరాన్ని ముక్కలు చేసి, రెండోదాని మీద సంతకం పెట్టింది. పెట్టాక చాలాసేపు ఏ పనీ చేయలేకపోయింది.

ఆ సాయంత్రం దుకాణంలోకి వెళ్ళేసరికి దర్జీ అమ్మాయి ముఖం వెలిగిపోతోంది. "తలనొప్పి తగ్గిందా? రా రా, కూర్చో. వాడు మీ ఆఫీసుకే సమన్లు పంపాడట, చూశావా! ఎంత తెలివి తక్కువవాడో! మా లాయరు ఏమన్నాడో తెలుసా, ఆ ఆఫీసువాళ్ళు లేదని ఒక ముక్క రాస్తే కేసు అక్కడితో సరి అన్నాడు. రాసిపడేశావా?"

పాప ట్యూషన్‌కి వెళ్ళింది. ఆవిడ స్టూలు మీద కూర్చోకుండానే చెప్పింది. "ఉందనీ లేదనీ ఏదీ చెప్పం అని రాశాను. అందరికీ అదే జవాబు. రూలు."

మిషను ఆగింది. "అంటే ఉన్నట్టేగా."

"కాదు."

"మరి లేదని రాయడానికేం? నేను ఎప్పుడైనా మీ గుమ్మం తొక్కానా?" గొంతు పెరిగింది. "అందరికీ అదే అంటావేంటి, నేను అందరిలో ఒకదాన్నా నీకు? సొరుగు తీసి చూశావుగా? చూశావా లేదా? అది చెప్పు చాలు."

చూశానమ్మా, మూడుసార్లు చూశాను, లేదు. ఆ మాట ఆవిడ గొంతులోనే ఉంది. కాని ఈ పిల్ల సంగతి ఆవిడకి తెలుసు. రేపు బోనులో నిలబడి "లేదని అక్క నాతో చెప్పింది" అనేస్తుంది. ఒకరికి లేదని బయటపడ్డాక ఆ రెండు దొంతరలూ మళ్ళీ బల్ల మీదికి వస్తాయి. ఆవిడ మళ్ళీ "రూలు" అంది.

దర్జీ అమ్మాయి లేచి, స్టూలు మీద ఆవిడ కోసం తీసిపెట్టిన కోటుని లాక్కుని మిషను మీద పడేసింది. "ఇక నువ్వు కుట్లు విప్పక్కర్లేదు. నేను విప్పుకుంటాను."

ఫ్యామిలీ కోర్టు గది ఇరుగ్గా ఉంది. పంకా తిరుగుతుంటే కాగితాల మీద పేపర్ వెయిట్లు పెట్టుకుంటున్నారు. దర్జీ అమ్మాయి మొదటి వరుసలో ఉంది, తన చేత్తో కుట్టుకున్న కొత్త బట్టల్లో. మొగుడు అవతలి వైపు. లాయరమ్మాయి గోడ పక్కన నిలబడింది. ఆవిడ ప్రమాణం చేసి బోనులో నిలబడింది. ఉత్తరంలో రాసిందే చెప్పింది, అక్కడితో అయిపోతుందనుకుంది. మొగుడి తరఫు లాయరు నవ్వుతూ సంచిలోంచి మూడు కాగితాలు తీశాడు.

"నా పాత కేసుల్లోవి. ఇవి మీరు రాసినవేనా?"

"నేనే."

"మూడింటిలోనూ రికార్డు లేదు అని స్పష్టంగా రాశారు. వీళ్ళకి లేదు కాబట్టి లేదన్నారు. ఈవిడ విషయంలో మాత్రం ఉందనీ అనరు, లేదనీ అనరు. ఇందులో అర్థంకానిదేముంది?" జడ్జి వైపు తిరిగాడు. "కావాలంటే ఈ ఆఫీసు రాసిన పాత జవాబులన్నీ తెప్పించండి, ఎవరికి లేదన్నారో, ఎవరికి ఇవ్వలేమన్నారో తెలిసిపోతుంది."

జడ్జిగారు ఆవిడ వంక చూశారు. అరవై దాటిన ఆడమనిషి, విసుగూ దయా రెండూ ఉన్న ముఖం. "చెప్పండి. పాత ఉత్తరాల్లో లేదన్నది నిజంగా లేకేనా?"

అవునంటే దర్జీ అమ్మాయికి కూతురు దక్కదు. పాత ఫైలు కోర్టుకి వస్తుంది, ఇరవై ఒక్కమందీ దాంతోపాటు వస్తారు. చెప్పనంటే అవునన్నట్టే. తప్పించుకునే దారి ఒక్కటే కనిపించింది, అది తన మీదుగా పోయేది. ఆవిడ బోను కర్రని రెండు చేతులా పట్టుకుంది.

"తెలీదండీ," అంది. "నేను చూసి రాసినవి కావు అవి."

"అంటే?"

"సొరుగు తెరిచేదాన్ని కాదు. వేల కార్డులండీ, ఎవరు వెతుకుతారు? బద్ధకం. తోచినప్పుడు లేదని రాసేదాన్ని, తోచినప్పుడు ఇవ్వలేమని రాసేదాన్ని. ఉన్నవాళ్ళకి లేదని రాసి ఉండొచ్చు. లేనివాళ్ళకి ఇవ్వలేమని రాసి ఉండొచ్చు. ఎవరికేం రాశానో నాకే తెలీదు."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. లాయరు "ఇరవై రెండేళ్ళూనా?" అన్నాడు.

"ఇరవై రెండేళ్ళూ."

"ప్రమాణం చేసి చెబుతున్నారు, గుర్తుందా?" అన్నారు జడ్జిగారు.

"గుర్తుందండీ."

"ఈ కేసులో కూడా చూడలేదా?"

ఆవిడ మొదటి వరుస వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించింది, చేతకాలేదు. దర్జీ అమ్మాయి ఆవిడనే చూస్తోంది. "చూడలేదండీ," అంది ఆవిడ.

జడ్జిగారు పెన్ను తీసుకుని చాలాసేపు రాశారు. ఆ ఆఫీసు పాత ఉత్తరాలనుంచి గాని, కొత్త ఉత్తరం నుంచి గాని ఏ అర్థమూ తీయడానికి వీల్లేదన్నారు. సాక్షి చెప్పిన మాటల నకలు శాఖ అధికారికి పంపమన్నారు. "ప్రజలు మిమ్మల్ని నమ్మి పేర్లు చెప్పుకుంటారు. సిగ్గుపడాలి మీరు," అన్నారు ఆఖర్న. ఆవిడ తల వంచుకుంది. అంత సిగ్గు ఆవిడకి నిజంగానే ఉంది, కాకపోతే జడ్జిగారు అనుకున్న దానికి కాదు.

వరండాలో లాయరమ్మాయి వెనకాలే వచ్చి "అమ్మా, మీరు..." అంది.

"అడక్కండి. అడిగితే నేను చెప్పాలి. నేను చెబితే మీరు లోపలికెళ్ళి చెప్పాలి. లాయరు కదా మీరు."

లాయరమ్మాయి ఆవిడ చేతిలోంచి సంచి తీసుకుని బస్సు స్టాండు దాకా మోసింది. అంతకన్నా ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది.

మెమో వారానికి వచ్చింది. పింఛను దగ్గర పడిన మనిషి అని జాలిపడి, పని నుంచి తీసేయకుండా బ్లీచింగ్ పౌడరు గోదాముకి బదిలీ చేశారు. తాళాలు అప్పగించే రోజు, ఆదివారం తలుపు తీసిన పాత వాచ్‌మన్ ఒక్కడే "మీరేంటి మేడమ్, వెతక్కపోవడమేంటి" అన్నాడు. మిగతావాళ్ళు నమ్మేశారు. ఎవరి గురించైనా చెడు నమ్మడానికి పెద్ద శ్రమ అక్కర్లేదు. ఆఫీసులో ఇప్పుడు ఆవిడకి కొత్త పేరు పడింది, తోచినమ్మ అని. గోదాములో ముక్కుకి గుడ్డ కట్టుకుని బస్తాలు లెక్కపెడుతూ, ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి ఏడుపు వచ్చేది. పౌడరు ఘాటు అని చెప్పుకునేది, అడిగేవాళ్ళు ఎవరూ లేకపోయినా.

నెలన్నర తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం దర్జీ అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"పాప నా దగ్గరే ఉండాలని తీర్పిచ్చారు. నీకు చెప్పకుండా ఉంటే బాగోదని వచ్చాను."

"మంచి మాట చెప్పావమ్మా. రా, కూర్చో."

"వాడు పైకోర్టుకి వెళ్తాడట. వెళ్ళనీ." ఆమె లోపలికి రాలేదు. తలుపు చెక్కని వేలితో గీకుతూ నిలబడింది. "ఒక్కటి అడగాలి అక్కా. అప్పట్నుంచీ మనసులో నలుగుతోంది. రూలని రాయలేదన్నావు, అది నేను సర్దుకోగలను. సొరుగు తీసి చూసి, నేను లేనని తెలిసి, అయినా రాయలేకపోయావంటే, సరే, ఉద్యోగం అలాంటిది అనుకుంటాను. మళ్ళీ వచ్చి కూర్చోమని నేనే అడుగుతాను. కాని కోర్టులో చూడలేదన్నావు. అది నిజం కాదు కదా? నా పేరు చూసి కూడా సొరుగు లాగలేదా నువ్వు?"

కింద పాప ఏదో పాఠం పైకి చదువుతోంది. ఆవిడకి ఆ స్టూలు కావాలి. ఆ గంటన్నర కావాలి. పెద్దమ్మా అన్న పిలుపు కావాలి. ఒక్క మాట చెబితే అన్నీ తిరిగి వచ్చేస్తాయి. చెప్పిన మరునిమిషం ఈ పిల్ల సంతోషం పట్టలేక తన లాయరుకి చెబుతుంది, పైకోర్టులో చెబుతుంది. కోర్టులో ఆవిడ ఆడింది అబద్ధమని తేలుతుంది. అక్కడ ఆ ఫైలు తెరుస్తారు, అందులో వంటమనిషి ఉన్నాడు, మిగతా ఇరవైమంది ఉన్నారు.

"లేదమ్మా," అంది ఆవిడ. "ఆ రోజు పని ఎక్కువగా ఉంది. బద్ధకించాను."

దర్జీ అమ్మాయి తల ఊపింది. కోపగించుకుంటే బాగుండునని ఆవిడ అనుకుంది, కాని ఆ ముఖంలో కోపం లేదు. పరాయివాళ్ళని చూసినట్టు చూసి, "సరే అండీ, వెళ్ళొస్తాను," అంది. మూడేళ్ళలో ఆవిడని అండీ అనడం అదే మొదలు.

మెట్ల మీద అడుగుల చప్పుడు కిందిదాకా వినిపించింది. పాప చదవడం ఆపి "పెద్దమ్మ ఏమందమ్మా?" అని అడిగింది.

"ఏమీ అనలేదు. నువ్వు చదువుకో," అంది వాళ్ళమ్మ.